ఎవరూ తీసుకెళ్లని రెండు బ్యాగులు

బెల్టు తిరుగుతోంది.

నల్ల రబ్బరు పలకలు ఒకదాని మీదికొకటి జారుతూ, మలుపు దగ్గర కీచుమంటూ, గోడలోకి దూరి మళ్లీ బయటికొస్తున్నాయి. చెన్నై అంతర్జాతీయ విమానాశ్రయం. 2023 జనవరి 11. ఇంకో మూడు రోజుల్లో భోగి. బ్యాంకాక్ నుంచి దిగినవాళ్లు ఎవరి పెట్టెలు వాళ్లు గుంజుకుని, ట్రాలీలో పడేసుకుని, ద్వారం వైపు నడిచారు. హాలు పలచబడింది. బెల్టు దగ్గర రెండు బ్యాగులు మిగిలాయి. వాటి కోసం ఎవరూ రాలేదు.

గల్ఫ్ దారి పట్టిన ఊళ్లకి ఈ హాలు కొత్త కాదు. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో ఏ వాడకెళ్లినా ఇలాంటి బెల్టు ముందు నిలబడి వచ్చినవాళ్లు దొరుకుతారు. నిద్రలేని కళ్లు, పై జేబులో పాస్‌పోర్టు, తన పెట్టె కనబడేదాకా గుండెలో దడ. పెట్టె కోసం మనిషి వెతుక్కోవడం వాళ్లకి తెలుసు. పెట్టెను చూసి మనిషే మాయమయ్యాడంటే, అందులో ఏముంది?

కస్టమ్స్ అధికారులకి ముందే ఉప్పందింది. వాళ్లు బ్యాగుల దగ్గరికి వచ్చారు.

లోపలున్న పాములకి బయటికి కనబడే చెవుల్లేవు. అయినా బెల్టు సంగతి వాటికి తెలుసు. మోటారు అదురు కింది దవడ ఎముక మీదుగా తలలోకి పాకుతుంది. కళ్ల ముందు చీకటి. కానీ పై పెదవి అంచున వరసగా సన్నటి గుంటలుంటాయి. వేడిని పట్టే గుంటలవి. ఎదురుగా ఎలుక వచ్చినా, మనిషి చెయ్యి వచ్చినా ఆ చీకట్లో వెచ్చగా ఆకారం కడుతుంది. ఎలుక అయితే తిండి. ఇంత పెద్ద వేడి అయితే తిండి కాదు, చావు. పారిపోవడానికి కన్నం లేదు, దూరడానికి ఆకు లేదు, కాటేసి నిలబడేంత విషం అసలే లేదు కాబట్టి, ఆ పాము తన తలను ఒంటి నడుమకి తోసుకుని, మెడ మీద ఒక చుట్ట, దాని మీద ఇంకో చుట్ట బిగించి, కండంతా ముడి వేసి, చివరికి బంతైపోతుంది. ఇంక కదలదు.

జిప్పు జరిగింది.

నలభై ఐదు బాల్ పైథాన్లు. ఎనిమిది కార్న్ స్నేక్‌లు. మూడు మార్మొసెట్ కోతులు. అవి దక్షిణ అమెరికావి, అరచేతిలో పట్టేంత. ఆపైన మూడు నక్షత్ర తాబేళ్లు. మన రాయలసీమ చిట్టడవుల్లో తిరిగే రకం తాబేలు బ్యాంకాక్ విమానంలో చెన్నైలో దిగడమేంటో ఆ తాబేళ్లకే తెలియాలి. మొత్తం 59 ప్రాణాలు. రెండు బ్యాగులు. కేసు రాసుకున్నారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. వీటిని ఏం చెయ్యాలి?

బంగారమైతే సీలు వేసి లాకర్లో పెడతారు. పాముకి లాకరు లేదు. అడవిలో వదలడానికి వీల్లేదు, అది ఈ దేశపు పాము కాదు. ఏ రోగం మోసుకొచ్చిందో ఎవరికీ తెలియదు. కాగితం ముక్క కూడా వెంట లేదు. సాయంత్రంలోగా తేల్చుకోవాల్సిన లెక్క ఇది, ఎందుకంటే బ్యాగులో నుంచి తీసినంత మాత్రాన అవి బతికినట్టు కాదు. తేలిపోయింది. మర్నాడు, జనవరి 12న, థాయ్ ఎయిర్‌వేస్ విమానంలో 59 ప్రాణాలూ బ్యాంకాక్‌కి వెనక్కి బయల్దేరాయి.

బ్యాంకాక్ వాటి సొంతూరా? కాదు.

బాల్ పైథాన్ల సొంతూరు ఇంకా చాలా దూరం. పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాలు. అక్కడ ఈ పాము చెదపుట్టల్లో, ఎలుకలు తవ్వి వదిలిన బొరియల్లో ఉంటుంది. పగలంతా మన్ను లోపల చల్లగా, తడిగా, చీకటిగా. చీకటి పడ్డాక ఎలుక కోసం బయటికి. ఆడది నాలుగు నుంచి పది గుడ్ల దాకా పెట్టి, రెండు నెలల పాటు వాటిని చుట్టుకుని పడుకుంటుంది. బెనిన్‌లోని ఊయిదా పట్నంలో వీటికి గుడి ఉంది. ఆ పామును అక్కడ దేవతగా కొలుస్తారు. దారి తప్పి ఇంట్లోకి వస్తే కొట్టరు, తీసుకెళ్లి గుడిలో వదిలి వస్తారు. నాగుల పంచమి నాడు పుట్టలో పాలు పోసే మన అమ్మలక్కలకి ఆ ఊరివాళ్లు వెంటనే చుట్టాలైపోతారు. అదే నేల మీద, అదే పుట్టల దగ్గర, పలుగు పట్టుకున్న వేటగాళ్లు కూడా ఉన్నారు.

వాళ్లు గుడ్ల మీదున్న ఆడపాముల కోసం తవ్వుతారు. గుడ్లు షెడ్డుల్లో పొదుగుతాయి. పిల్లలు డబ్బాల్లో విమానమెక్కుతాయి. ఎగుమతి లెక్కల్లో 1975 నుంచి చూస్తే 30 లక్షలకు పైగా బాల్ పైథాన్లు అలా ఖండం దాటాయి. 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు తెల్లటి, పసుప్పచ్చటి ఆల్బినో పిల్లల్ని పుట్టించాడు. ఒక్కోటి 7,500 డాలర్లకి అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఆగలేదు. మచ్చలవి, చారలవి, సగం తెలుపు సగం గోధుమవి, రంగుకో పేరు, పేరుకో ధర. ‘స్పైడర్’ అని ఒక రకం వచ్చింది. ఒంటి మీద సాలెగూడు గీసినట్టు సన్నటి గీతలు. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి మూత తీశారు. పాము తల ఒక పక్కకి వంగి, ఆగకుండా ఊగుతోంది.

ఆ రంగు వెంటే ఆ వణుకు పుడుతుంది. లోపలి చెవి నిర్మాణంలోనే తేడా. బ్యాలెన్సు ఉండదు. కొన్ని నోటి దగ్గరి ఎలుకను కూడా అందుకోలేవు. బ్రిటన్‌లో సరీసృపాల పెంపకందార్ల పెద్ద సంఘం ఒకటి తన సంతల్లో ఆ రకం అమ్మకాన్నే ఆపేసింది. అయినా ఫొటోలో వణుకు కనబడదు. ఫోన్ తెరమీద గీతలే కనబడతాయి.

ఆ తెర ఇక్కడా వెలుగుతుంది.

అనుకుందాం. చెన్నైలో ఉప్పు అందలేదు. బ్యాగులు ద్వారం దాటాయి. నలభై ఐదులో ఒకటి, గుడ్డసంచిలో, గుడ్డసంచి అట్టపెట్టెలో, అట్టపెట్టె రాత్రి బస్సు డిక్కీలో, తెల్లారేసరికి జగిత్యాల బస్టాండ్‌లో దిగింది. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు బండి మీద వచ్చి తీసుకున్నాడు. అమ్మకి చెప్పలేదు. మేడ మీద గది. పాత చేపల తొట్టి శుభ్రంగా తుడిచి పెట్టాడు. పాము చుట్ట చుట్టుకుని కూర్చుంది. “ఎంత మంచిగున్నదిరా, కదుల్తనే లేదు” అన్నాడు దోస్తు. కదలకపోవడం మంచితనం అనుకున్నారు ఇద్దరూ. బ్యాగులో బిగిసిన ఆ బంతి ఇంకా విప్పుకోలేదని వాళ్లకెవరు చెప్పాలి?

జనవరి గడిచింది. ఫిబ్రవరి గడిచింది. మే వచ్చింది.

జగిత్యాల మే. చల్‌గల్ మార్కెట్లో మామిడికాయల లారీల కింద నీడ కోసం హమాలీలు, కుక్కలు పక్కపక్కనే పడుకునే నెల. బయట 45 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద స్లాబు పొద్దున తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఈ పాముకి కావాల్సింది ఒకే డబ్బాలో రెండు వాతావరణాలు. ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీలు, ఇంకో కొసన 24 నుంచి 27. అరగడానికి వేడి వైపు, సేదతీరడానికి చల్ల వైపు తనే పాకుతుంది. పాముకి ఒంట్లో పొయ్యి లేదు, ఫ్యాను లేదు. జరగడమే దాని వైద్యం. కానీ ఆ గదిలో ఎటు జరిగినా 40. చల్ల కొస లేదు. నీళ్ల గిన్నెలో ఒళ్లంతా ముంచి తల మాత్రం అంచు మీద పెట్టింది. గిన్నె నీళ్లు కూడా వేడెక్కుతున్నాయి.

ఏసీ పెట్టించాడనుకుందాం. గది చల్లబడుతుంది, గాలి ఎండిపోతుంది. పుట్ట లోపలి తేమకి అలవాటైన చర్మం ఇది. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉంటేనే కుబుసం ముక్కు దగ్గర మొదలై తోక దాకా ఒకే తొడుగుగా జారుతుంది. లేదంటే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కంటి మీది పొర అలాగే ఉండిపోతుంది. కుర్రాడు గోరుతో గీకాడు. గీకకూడదు. తడిపిన గుడ్డల మధ్య గంటసేపు వదిలితే నానుతుంది, తనంతట తను ఊడుతుంది. గీకితే కన్నే పోతుంది.

మే దాటితే డిసెంబరు. అదే మేడ మీద తెల్లవారుజామున పది, పన్నెండు డిగ్రీలు. వేడి కోసం తొట్టి కింద కరెంటు మ్యాట్ పరిచాడు. థర్మోస్టాట్ లేదు. మనిషైతే కాలగానే కాలు తీసుకుంటాడు. ఈ పాము పొట్ట కాలుతున్నా వేడి మీదే పడుకుని ఉండిపోతుంది. పొద్దున మూత తీసి చూస్తే పొట్ట పొలుసులు గోధుమ రంగులో ఉబ్బి ఉన్నాయి. ఇంకోటి కూడా గమనించాడు. మూత ఒక పక్క వేలెడంత లేచి ఉంది.

ఆ రాత్రి తొట్టి ఖాళీ.

మూడడుగుల పాము. పెద్ద ఆడదైతే ఐదడుగులు. ముక్కుతో నెట్టడం దానికి పుట్టుకతో వచ్చిన పని. తల పట్టిన సందులో ఒళ్లు పట్టినట్టే. ఇన్వర్టర్ వెనక వెచ్చగా ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్ దగ్గర వెచ్చగా ఉంటుంది. పక్కింటి వంటగదిలో ఇంకా వెచ్చగా ఉంటుంది. పొద్దున్నే పాలగిన్నె కడగడానికి లేచిన పెద్దమ్మకి గ్యాస్ సిలిండర్ వెనక చుట్ట కనబడింది. ఆమెకి అది బాల్ పైథాన్ కాదు. రక్తపింజరి. ఒంటి మీద గుండ్రటి మచ్చలు, బొద్దు నడుము, చిన్న తోక. అలా అనుకోవడంలో ఆమె తప్పేం లేదు. రక్తపింజరి కాటుతో పొలాల్లో మనుషులు పోయిన ఊళ్లివి. వాడంతా లేచింది. కర్ర కూడా లేచింది.

మళ్లీ అనుకుందాం. కర్ర పడలేదు. కుర్రాడు పరుగున వచ్చి సంచిలో వేసుకున్నాడు. ఇంట్లో గోల. పాము సిరిసిల్లలో బావ ఇంటికి చేరింది.

సిరిసిల్ల బీవై నగర్. సాంచల వాడ, అంటే మరమగ్గాల వాడ. గల్లీకి రెండు వైపులా సాంచలు, ఖటఖటఖట, ఖటఖటఖట, షిఫ్టు మారినా ఆగని మోత. అక్కడ పుట్టినవాళ్లకి ఆ మోత వినబడదు. ఆగితేనే నిద్ర లేస్తారు. పాము సంగతి వేరు. దాని దవడ నేలకి ఆనే ఉంటుంది. సాంచ చేసే ప్రతి దెబ్బా నేల గుండా, చెక్క గుండా, తొట్టి అడుగు గుండా ఎముకలోకి ఎక్కుతుంది. చెదపుట్టలో ఇలాంటి అదురు వస్తే అది పలుగు దెబ్బే అయ్యుండాలి. పాము తిండి మానేసింది.

వారం. రెండు వారాలు. నెల.

బాల్ పైథాన్ తిండి మానడం వింత కాదు. బాగా పెరిగిన పాము నెలల తరబడి ముట్టకుండా ఉండి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడుతుంది. దాక్కునే గూడు ఇరుకుగా ఉండాలి, ఒంటికి నాలుగు వైపులా తగలాలి. వేడి కొసన ఒకటి, చల్ల కొసన ఒకటి. అలా ఇచ్చి, చెయ్యి పెట్టకుండా, బరువు మాత్రం తూచుకుంటూ ఓపిక పట్టాలి. ఓపిక పట్టలేక బావ ఎలుకను పట్టుకొచ్చాడు. ఎక్కణ్నుంచి? వడ్ల బస్తాల గది నుంచి. అక్కడ మూలమూలనా ఎలుకల మందు పెట్టి ఉంది. మందు తిన్న ఎలుకను మింగితే ఆ మందు పాము ఒంట్లోకీ పోతుంది. మందు తినని ఎలుకైతే ఇంకో గండం. ఆకలి లేని పాము దగ్గర రాత్రంతా వదిలేస్తే, ఎలుకే పాము వీపు కొరుకుతుంది. బావ ఎలుకను వదిలి, మూత వేసి, లైటు ఆపాడు.

తెల్లారింది. ఎలుక ఉంది. పాము ఉంది. పాము ముక్కు దగ్గర నురగ బుడగ ఒకటి ఉబ్బుతోంది, తగ్గుతోంది.

శ్వాస పట్టేసింది. నోరు తెరిచి, తల పైకెత్తి గాలి లాగుతోంది. చలి తగిలినా వస్తుంది. కొన్నిసార్లు దాని వెనక నిడోవైరస్ ఉంటుంది. బాల్ పైథాన్లలో దాన్ని 2014లో గుర్తించారు. మందు లేదు. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి, చేతుల మీదుగా, గిన్నెల మీదుగా పోతుంది. రోజు గడిచే కొద్దీ గొంతులో గురక పెరుగుతోంది. గంటన్నర దూరంలో దారి ఉంది. కోరుట్ల.

కోరుట్లలో వెటర్నరీ కాలేజీ ఉంది. పొద్దున్నే పాలు తగ్గిన బర్రెలతో, కుంటే మేకలతో, తలలు వాల్చిన కోళ్లతో రైతులు చేరే చోటు. అన్న చిట్టీ రాయించుకుంటాడు, తమ్ముడు తాడు పట్టుకుంటాడు. ఆ వరసలో భుజాన సంచితో ఒక కుర్రాడు నిలబడ్డాడనుకుందాం. సంచిలో ఏముందని ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పాలి. చెబితే తర్వాతి ప్రశ్న వస్తుంది. కాగితం ఏది?

ఈ దేశంలో విదేశీ ప్రాణిని పెంచుకోవడమే నేరం కాదు. దొంగతనంగా తేవడం నేరం. కాగితం లేకపోవడం నేరం. 2020 జూన్‌లో కేంద్రం ఒక తలుపు తెరిచింది. ఇంట్లో ఉన్న విదేశీ ప్రాణిని ఆరు నెలల్లోగా స్వచ్ఛందంగా చెప్పేస్తే ఎక్కణ్నుంచి తెచ్చావని అడగబోమంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద ఉన్న ప్రాణుల పట్టిక, అందులో బాల్ పైథాన్, చట్టంలోకే ఎక్కాయి. 2024 ఫిబ్రవరి 28న నిబంధనలొచ్చాయి. పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. అప్పట్లో ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆ కుర్రాడి దగ్గర బిల్లు లేదు, దిగుమతి లైసెన్సు లేదు, నమోదు లేదు. వరసలో ముందు ఇంకా ఇద్దరున్నారు. సంచి భుజం మార్చుకున్నాడు.

వరసలోంచి బయటికి నడిచాడు.

కాగితం లేని పాముకి డాక్టరు దొరకడు. దొరికినా వెళ్లడానికి భయం. పెంచినవాళ్ల జైలు భయం వల్ల ఇంట్లోనే చస్తాయి ఇలాంటివి. ఈ వ్యాపారంలో ఎవరూ లెక్క రాయని చావులివే. అదే సరిగ్గా చూసుకుంటే? అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకి 1961లో ఒక బాల్ పైథాన్ వచ్చింది. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 2020 జులైలో, ఏళ్ల తరబడి మగపాము జాడే లేని గదిలో ఏడు గుడ్లు పెట్టి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేసింది. సరిగ్గా పెంచితే మామూలుగా ముప్పై ఏళ్లు బతికే ప్రాణి ఇది. డిగ్రీ చదివే కుర్రాడు తెచ్చుకుంటే, వాడి పిల్లలు డిగ్రీకొచ్చేదాకా ఉండాలి. మధ్యలో దుబాయ్ వీసా వస్తే? ఎవరి గడపలో పెట్టి పోతాడు?

ఇదంతా జరగలేదు, ఎందుకంటే చెన్నైలో ఆ జిప్పు జరిగింది. కానీ బెల్టులు ఆగలేదు.

2023 ఏప్రిల్ 28. మళ్లీ చెన్నై. కౌలాలంపూర్ విమానం. ఒక మహిళ సామానులోని ప్లాస్టిక్ డబ్బాల్లోంచి 22 పాములు, ఒక ఊసరవెల్లి. జులై 30. తిరుచ్చి. మళ్లీ కౌలాలంపూర్. చిల్లులు పెట్టిన డబ్బాల్లో 47 పైథాన్లు, రెండు బల్లులు. ఒక్కోసారి పట్టుబడినవాడికి పాముల పేర్లు కూడా తెలియవు. టికెట్ ఖర్చులు ఇస్తామన్నారు, బ్యాగు అవతలివాడికి అందించమన్నారు. గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఊళ్లో పెద్దలు చెప్పే మొదటి మాట, ఎవరిచ్చిన పార్సిలూ పట్టుకపోకు బిడ్డా అని. ఆ మాట వినని వాళ్ల వెనకే ఈ దందా నడుస్తోంది. సెప్టెంబరు వచ్చేసరికి అది ఇంకో మెట్టు దిగింది.

2023 సెప్టెంబరు 6. కృష్ణాష్టమి. బెంగళూరు విమానాశ్రయం. రాత్రి పదిన్నర. ఊరంతా ఉట్లు కట్టి, కృష్ణుడి పాదాలు వేసుకుని ఉన్న రాత్రి. బ్యాంకాక్ నుంచి ఎయిర్ ఏషియా విమానం దిగింది. కస్టమ్స్ వాళ్లు సామాను తెరిచారు. ముందు బాల్ పైథాన్లు, రకరకాల రంగులవి, 55. తర్వాత ఇంకొన్ని పాములు. వీటి పడగ విప్పుకుంది.

రాచనాగులు. 17.

బాల్ పైథాన్‌కి విషం లేదు. రాచనాగు ప్రపంచంలోకెల్లా పొడవైన విషసర్పం. ఒక్క కాటులో ఏనుగుని పడగొట్టేంత విషం దింపగలదు. గంటల తరబడి ప్రయాణికుల కాళ్ల కింద, సామాను అరలో, ఆ పదిహేడూ బతికే ఉన్నాయి. చురుగ్గా ఉన్నాయి. చేతులు జాగ్రత్తగా ఒక్కోదాన్నీ పక్కకి పెడుతున్నాయి. సామాను ఇంకా మిగిలింది. అందులో కదలిక లేదు.

ఆరు కపుచిన్ కోతులు. ఆరూ చచ్చిపోయి ఉన్నాయి.

78 ప్రాణుల్లో బతికిన 72 వచ్చిన దేశానికే వెనక్కి పోయాయి. కోతుల కళేబరాలను రోగాలు పాకకుండా జాగ్రత్తలతో ఇక్కడే వదిలించుకున్నారు. చల్లటి రక్తపు పాము ఊపిరి తగ్గించుకుని, గుండె నెమ్మదించుకుని బ్యాగులో బతికేస్తుంది. కోతి బతకలేదు. అందుకే దొంగలకి పామంటే ఇష్టం. అరవదు, ఏడవదు, వారం తిండి లేకపోయినా చావదు. వెనక్కి పోయినవి ఏ డబ్బాలోకి పోయాయో? 2024 జూన్ 11న తెల్లవారకముందే బ్యాంకాక్ చతుచక్ సంతలో పెంపుడు ప్రాణుల దుకాణాలు వందకు పైగా తగలబడ్డాయి. పాములు, కోళ్లు, పక్షులు, కుందేళ్లు కలిపి తొలి లెక్కల్లోనే దాదాపు వెయ్యి ప్రాణాలు బోనుల్లోనే కాలాయి.

ఫోన్లో రంగుల పైథాన్లను చూసిన కళ్లు పొలం వైపు తిరిగినప్పుడు ఇక్కడ ఇంకో ప్రమాదం మొదలవుతుంది.

జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ మనదే ఒక పైథాన్ ఉంది. కొండచిలువ. కాకతీయ కాలువ కట్టల మీద, మిడ్ మానేరు నీళ్ల అంచున, గుట్టల బండల సందుల్లో ఉంటుంది. పదడుగులు దాటి పెరుగుతుంది. అడుగున్నర పిల్లగా ఉన్నప్పుడు తెర మీది బాల్ పైథాన్‌కి, దీనికి తేడా కుర్రాళ్లకి అంతుపట్టదు. పైసా ఖర్చు లేదు, విమానం లేదు, వల విప్పితే దొరుకుతుంది. డ్రమ్ములో వేసుకుని రీల్ తీస్తే సరిపోతుంది. సరిపోదు. కొండచిలువ చట్టంలో మొదటి షెడ్యూలు. పులి పక్కన దాని పేరు. పట్టుకుని పెంచితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకు తగ్గకుండా జరిమానా. దీనికి పరివేష్‌లో నమోదు లేదు, గడువు లేదు, మినహాయింపు లేదు. పైగా బయటి దేశపు పాము వైరస్ మోసుకుని తప్పించుకుని ఈ కాలువ కట్టకి చేరితే, మొదట బలయ్యేది దాని దాయాదే.

యాసంగి కోతలప్పుడు చూడాలి దీన్ని.

ఏప్రిల్ చివర. పొద్దున పదికే గాలి కాలుతుంటుంది. కోత మిషను మడి అంచు నుంచి లోపలికి చుట్లు కోస్తూ వస్తుంది. కోసిన కొద్దీ ఎలుకలన్నీ నడుమన మిగిలిన వరిలోకి చేరతాయి. ఎలుకల వెంట కొండచిలువ చేరుతుంది. మిగిలింది ఇరవై అడుగుల పట్టీ. దుమ్ము, పొట్టు, డీజిల్ వాసన. కొంగలు మిషను వెనకే గెంతుతుంటాయి. ఎవరో ఒకరు చెయ్యెత్తి అరుస్తారు.

“ఆపన్నా! ఆపు! చిలువున్నది!”

మిషను ఆగుతుంది. వరి కదులుతుంటుంది. మిషను కిరాయి గంట లెక్క. నిలబడ్డ ప్రతి నిమిషం రైతు జేబులోంచే పోతుంది. ఒకాయన ఫారెస్టోళ్లకి ఫోన్ చేద్దామంటాడు. ఇంకొకాయన ఇప్పుడు చేస్తే ఎప్పుడొస్తారంటాడు. ఒక కుర్రాడు గోనెసంచి పట్టుకుని ముందుకు అడుగేస్తాడు. ఇంకో చేతిలో ఫోన్, కెమెరా ఆన్. “సంచి కింద పెట్టుర, జైల్ల పడ్తవ్” అంటాడు మిషను మీదున్న పంజాబ్ డ్రైవర్ పక్కన కూర్చున్న ఊరి హెల్పర్. అందరూ కాలువ వైపు దారి వదిలి, మిగతా మూడు వైపులా నిలబడతారు. పట్టీ అంచున వరి చీలుతుంది. ముందు తల, తర్వాత తొడ లావు ఒళ్లు, తొందర లేకుండా గట్టెక్కుతుంది. గట్టు మీద ఎండుగడ్డి నలిగిన చప్పుడు. అవతల తూటికాడ పొదలు.

“పోయిందా?”

“తోక పోలే ఇంకా. ఆగు.”

“డీజిల్ కాలుతున్నదే.”

“పోయింది, పోయింది. పోనియ్యి.”

హెల్పర్ బానెట్ మీద రెండుసార్లు కొడతాడు. డ్రైవర్ గేరు వేసి, మిగిలిన పట్టీలోకి కత్తెర దించుతాడు.